ఆతురుని యెదుట వాక్కు

గీతాచార్యుడు పదునేడవ అధ్యాయమున తపస్సును శారీరము, వాఙ్మయము, మానసము అని మూడుగా విభజించినాడు. అందు వాక్కునకు సంబంధించిన తపస్సును వివరించునపుడు, మాట వినువానికి ఉద్వేగము కలిగింపరాదనియు, సత్యమును ప్రియమును హితమును కావలెననియు నిర్ణయించినాడు. భక్తులకు ఇది కొత్త విషయము కాదు. నిత్యజీవితమున ఈ లక్షణములను పాటించుట కొంత సాధనతో సాధ్యమే. ఇరుగుపొరుగువారితో, అతిథులతో, పిల్లలతో మాటలాడునపుడు సత్యమునకును ప్రియమునకును పెద్ద వైరము రాదు. కాని వైద్యశాలలో పడకపై పరుండియున్న ఒక గృహస్థునకు ‘అయ్యా, మీ కడుపులో నున్నది పుండు కాదు, క్యాన్సరు’ అని తెలుపవలసి వచ్చినపుడు ఆ లక్షణములన్నియు ఒకదానితో నొకటి పెనుగులాడును. సత్యము చెప్పిన ఉద్వేగము తప్పదు. ప్రియము చెప్పిన సత్యము నిలువదు. ఇక హితమేదో నిర్ణయించువాడెవడు? వైద్యుడా, కుమారుడా, రోగియా?

ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ప్రతి కుటుంబపు గడపను తట్టుచున్నది. మన యిండ్లలో సాధారణముగా జరుగు విధము పాఠకులెరిగినదే. పరీక్షల ఫలితములు రాగానే వైద్యుడు పెద్దకుమారుని గది వెలుపలికి పిలుచును. అతడు కన్నులు తుడుచుకొని ‘అమ్మకు మాత్రము చెప్పవద్దు డాక్టరుగారూ, తట్టుకొనలేదు’ అని వేడుకొనును. వైద్యుడు సరే యనును. నాటినుండి ఆ గదిలో అందరును వేషధారులే. కోడలు బలవంతపు నవ్వుతో పండ్లరసము అందించును. కూతురు మందుల చీటీని దాచును. చూడవచ్చిన బంధువులకు గుమ్మమువద్దనే హెచ్చరిక జరుగును. ఆ తల్లి మాత్రము అందరి ముఖములను చూచుచుండును. ఆమెకు ఆసుపత్రి కాగితములు చదువ రాకపోవచ్చును గాని, ముఖములు చదువుట డెబ్బది యేండ్లుగా ఆమెకు అలవాటే. ఆమెకు తెలిసినదని పిల్లలకు తెలియదు. పిల్లలు బాధపడుదురని ఆమెయు తెలిసినట్లు కనబడదు. ఒకరినొకరు ప్రాణముగా ప్రేమించువారు, మిగిలియున్న కొద్ది దినములలో ఒక్క నిజమైన మాటయు చెప్పుకొనక గడపుదురు.

దీనిని నిందించుట తేలిక. దీని వెనుక నున్నది ప్రేమయే కాని వంచన కాదు. అయినను ప్రేమతో చేసినదంతయు ధర్మమగునా అని విచారింపవలసియున్నది.

మన ప్రాచీన వైద్యశాస్త్రము ఈ విషయమున ఏమి చెప్పినదో ముందు చూతము. చరకసంహిత సూత్రస్థానమున తొమ్మిదవ అధ్యాయము చికిత్సకు నాలుగు పాదములను చెప్పినది. వైద్యుడు ఒకటి, ఔషధము రెండవది, పరిచారకుడు మూడవది, రోగి నాలుగవది. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములు, వెరసి పదునారు. వైద్యునకు శాస్త్రజ్ఞానము, పలుమార్లు కండ్లార చూచిన అనుభవము, నేర్పు, శుచి కావలెను. పరిచారకునకు ఉపచారము తెలిసియుండుట, నేర్పు, అనురాగము, శుచి కావలెను. అనురాగమును ఒక యోగ్యతగా, నేర్పుతో సమానముగా లెక్కించుట గమనింపదగినది. నేడు నర్సు పనికి వచ్చువారిని పరీక్షించునపుడు మిగిలిన మూడింటిని అడుగుదురు. ఈ ఒక్కటి ఏ ప్రశ్నపత్రమునకును అందదు.

రోగికి చెప్పిన గుణములు ఇంకను ఆశ్చర్యము గొలుపును. స్మృతి యుండవలెను, చెప్పినట్లు చేయవలెను, ధైర్యముండవలెను, జ్ఞాపకత్వముండవలెను. ఈ చివరి మాటను నేటి వాడుకనుబట్టి గుర్తుంచుకొనుట యని పొరబడరాదు. గుర్తుంచుకొనుట స్మృతి, అది మొదటనే వచ్చినది. జ్ఞాపకత్వమనగా తెలియజేయగలుగుట, తన బాధను తానే వివరింపగలుగుట. అనగా రోగి చెప్పునది చికిత్సలో నాలుగవ కాలు. చెప్పువాడున్నంత మాత్రమున చాలునా? వినువాడుండవలెను గదా! వినువాడు లేనిచోట రోగికి ఆ గుణముండియు లేనట్లే. కుర్చీ కాలొకటి విరుగగొట్టి, దానిపై కూర్చుండబోయి, పడితిమని వగచినట్లుండును.

అదే అధ్యాయము నాలుగు పాదములలో వైద్యుడే ప్రధానుడని కూడ చెప్పినది. మన్ను, కర్ర, చక్రము, దారము అన్నియు ఉన్నను కుమ్మరి లేనిదే కుండ రాదని ఉపమానము. దీనిని చూపి, ఆసుపత్రిలో వైద్యుని మాటకు ఎదురుండరాదని వాదించువారున్నారు. వారు ఉపమానములో సగమే వినిరి. మన్ను లేని కుమ్మరి కూడ కుండ చేయలేడు. మంచి కుమ్మరి మట్టిని వ్రేళ్ళతో తడవి, దాని తడి, దాని జిగట తెలిసికొనిన పిదపనే చక్రము త్రిప్పును.

విమానస్థానమున నాలుగవ అధ్యాయములో మరియొక మాట యున్నది. జ్ఞానమను దీపము చేబట్టి రోగి అంతరాత్మలోనికి ప్రవేశింపని వైద్యుడు రోగములకు చికిత్స చేయజాలడని దాని సారము. ఇదే స్థానమున ఎనిమిదవ అధ్యాయము రోగిని పది విధముల పరీక్షింపుమన్నది. అందు దేహప్రకృతి, వికారము, కొలత, వయస్సు మొదలగువాటితో బాటు, ఆ మనిషికి అలవాటైనది ఏది, అతని మనోబలము ఎట్టిది అనునవి కూడ ఉన్నవి. ఒకే జ్వరము ఇద్దరికి వచ్చినను ఆ ఇద్దరును ఒక్కరు కారు. పాశ్చాత్య దేశములలో ‘రోగము కేంద్రముగా కాక మనిషి కేంద్రముగా వైద్యము’ అను భావన ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ప్రబలినది. అమెరికాలో కార్ల్ రోజర్స్ అను మనోవైద్యశాస్త్రవేత్త 1951లో ప్రకటించిన గ్రంథమున, సహాయము కోరి వచ్చినవానినే కేంద్రముగా నిలిపెను. ఇంగ్లండులో మైకేల్ బాలింట్ సాధారణ వైద్యులను కూడబెట్టి, రోగి మాటలను వారు ఎట్లు వినుచున్నారో వారిచేతనే విచారణ చేయించెను. మనవారు ముందే చెప్పిరని తొడ చరచుకొనుటకు ఇవి చెప్పుటలేదు. చెప్పిన మాట గ్రంథమున నుండగా, వార్డులో మనిషిని ‘పదునాలుగో నంబరు’ అని పిలుచుచున్నాము. గ్రంథము గొప్పతనము మన గొప్పతనము కాజాలదు.

వైద్యము ఒక్కని పని కాదనుటకు వైష్ణవక్షేత్రములలోనే ఒక శిలాసాక్ష్యమున్నది. కాంచీపుర ప్రాంతమున పాలారు, చెయ్యారు, వేగవతి నదులు కలియుచోట తిరుముక్కూడల్ అను గ్రామము గలదు. అచటి వేంకటేశ పెరుమాళ్ ఆలయమున పదునొకండవ శతాబ్దపు చోళరాజు వీరరాజేంద్రుని శాసనమున్నది. ఆలయమునకు అనుబంధముగా వేదపాఠశాలయు, ‘వీరచోళన్’ అను పేర ఆతురశాలయు నడచినట్లు అది తెలుపుచున్నది. ఆ ఆతురశాలలో 15 పడకలు. వైద్యుడొకడు, శస్త్రచికిత్స చేయువాడొకడు, మూలికలు తెచ్చి మందులు తయారుచేయువారు ఇద్దరు, రోగులకు పరిచర్య చేయు స్త్రీలు ఇద్దరు, క్షురకుడొకడు, నీరు తెచ్చువాడొకడు. ఎవరికెంత ధాన్యము ముట్టవలెనో కూడ చెక్కించిరి. ఏడాదికి నిలువ చేయవలసిన మందుల పేర్లును అందున్నవి. మన ఆంధ్రదేశమున 1261 నాటి మల్కాపురం శాసనము కూడ, గోళకీమఠమునకు చేరిన ఆరోగ్యశాలను, ప్రసూతిశాలను పేర్కొనుచున్నది.

తిరుముక్కూడల్ శాసనములో నన్ను ఆకర్షించునది ఆ నీరు తెచ్చువాడు. వైద్యునితో బాటు అతని పేరు లేకున్నను, అతని పని రాతిపై నిలిచినది. రోగి రాత్రియంతయు దగ్గినాడని, పథ్యము ముట్టలేదని, గోడవైపు తిరిగి ఏడ్చినాడని ముందుగా చూచువాడు వైద్యుడు కాడు. నీళ్ళు పోయువాడో, పక్క సరిచేయు స్త్రీయో చూచును. చూచినది వైద్యుని చెవికి చేరునా చేరదా అనుదానిపై ఆ రోగి ప్రాణము ఆధారపడియుండును. నేటి ఆసుపత్రిలోను ఇంతే. ఆయా చూచును, నర్సుకు చెప్పదు. చెప్పిన కసురుకొనునని భయము. నర్సు చూచును, పెద్దడాక్టరుకు చెప్పదు, ‘నాకు నేర్పుచున్నావా?’ అనునని సంకోచము. ఇట్లు జ్ఞానము మెట్లమీద క్రిందనే ఆగిపోవును.

చరకుడు వైద్యుల పరస్పర సంభాషణమును రెండు విధములుగా చెప్పినాడు. స్నేహముతో కూడి చేయునది సంధాయసంభాష. గెలుపు కోరి చేయునది విగృహ్యసంభాష. మొదటి దానిలో నిస్సంకోచముగా అడుగవలెను, అడిగినదానికి తెలిసినంత స్పష్టముగా చెప్పవలెను, ఓటమికి వెరవరాదు, గెలిచితినని ఉబ్బరాదు. రోగి పడకచుట్టు నిలుచు బృందమునకు ఇంతకంటె వేరు నియమావళి అక్కరలేదు. కాని అది అలవాటుగా మారుటకు ఏదో ఒక క్రమము కావలెను. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2008లో శస్త్రచికిత్సలకు 19 అంశములతో ఒక పట్టిక రూపొందించినది. మత్తు ఇచ్చుటకు ముందు రోగి పేరు, చేయబోవు శస్త్రచికిత్స, శరీరమున ఏ చోట అనునవి రోగితోనే నిర్ధారించుకొనవలెను. కత్తి పెట్టుటకు ముందు గదిలోని వారందరు తమ పేరును, తమ పనిని బిగ్గరగా చెప్పుకొనవలెను. ముగించి వెడలుటకు ముందు పనిముట్లు, దూది లెక్క చూచుకొనవలెను. ఎనిమిది దేశములలో, ఢిల్లీతో సహా ఎనిమిది ఆసుపత్రులలో దీనిని పరీక్షించి, ఫలితములను 2009లో ప్రకటించిరి. మరణములు నూటికి 1.5 నుండి 0.8కి, ఉపద్రవములు నూటికి 11 నుండి 7కి తగ్గినవి.

పేర్లు చెప్పుకొనినంత మాత్రమున ప్రాణములు నిలుచునా అని సందేహము కలుగవచ్చును. ఒకసారి తన గొంతు తాను విప్పినవాడు, తరువాత పొరపాటు కనబడినపుడు రెండవసారి విప్పుటకు జంకడు. అదే ఇందలి కిటుకు. అయితే కెనడాలోని ఒంటారియో రాష్ట్రమున 101 ఆసుపత్రులలో ఈ పట్టికను ప్రవేశపెట్టిన పిదప చెప్పుకొనదగిన మార్పు కనబడలేదని 2014లో వెలువడిన మరియొక పరిశీలన తెలిపినది. అర్థము తెలియక, మనసు పెట్టక చేసిన జపమునకు ఫలమెంతయో, టిక్కులు పెట్టిన కాగితమునకును అంతే.

మందు పేరు, మోతాదు ఫోనులో చెప్పినపుడు విన్నవారు తిరిగి చదివి వినిపింపవలెనను నియమము కూడ నేడు మంచి ఆసుపత్రులలో ఉన్నది. వేదము నేర్చినవారికి ఇది వింత కాదు. గురువు సంత చెప్పును, శిష్యుడు అదే స్వరముతో తిరిగి చెప్పును, తప్పిన గురువు అక్కడికక్కడే దిద్దును. ఒక్క స్వరము మారిన అర్థము మారునని భయపడినవారు అంత జాగ్రత్త పడిరి. ఒక్క సున్న మారిన ప్రాణము పోవుచోట అంతకు తక్కువ జాగ్రత్త చాలునా? యుద్ధకాండలో లక్ష్మణుడు మూర్ఛిల్లినపుడు వైద్యుడైన సుషేణుడు ఓషధుల పేర్లు చెప్పి హనుమంతుని పంపెను. పర్వతమునకు వెళ్ళిన హనుమంతుడు వాటిని గుర్తింపలేకపోయెను. అప్పుడు ఏదో ఒక మూలికను పెరికి ‘ఇదే అయియుండును’ అని తేలేదు. శిఖరమునే పెకలించి తెచ్చి, గుర్తించు పని గుర్తింపగలవానికే అప్పగించెను. ఆయన బలమును కీర్తించు మనము ఆ వినయమును అంతగా తలచుకొనము. మందు విషయమున సందేహమున్నపుడు ఊహించుట కంటె కొండ మోయుటయే మేలు.

పేరు మాట వచ్చినది గనుక మరికొంత చెప్పవలెను. కోవెలలో అర్చన చేయించునపుడు, వెనుక ఎంత వరుస యున్నను, అర్చకుడు పేరు, గోత్రము, నక్షత్రము అడిగి వానిని పలుకును. వేలమంది యాత్రికులలో ఆ క్షణమున స్వామి సన్నిధిని నిలిచినది ఫలానా గోత్రపు ఫలానా మనిషి. ఆసుపత్రిలో చీటీపై పేరున్నను పెదవిపై పేరుండదు. ఇంగ్లండులో కేట్ గ్రేంజర్ అను యువవైద్యురాలు వృద్ధుల చికిత్సలో నిపుణురాలు. ఆమెకే మానని క్యాన్సరు వచ్చినది. 2013లో రోగిగా ఆసుపత్రిలో నున్నపుడు, తనకు చికిత్స చేయు పలువురు తమ పేరైనను చెప్పకుండుట ఆమె గమనించినది. పేరు చెప్పి పలుకరించినవాడు చక్రాల మంచము త్రోయు సహాయకుడు! నాటినుండి ఆమె ‘నమస్కారము, నా పేరు ఫలానా’ అని చెప్పి మొదలుపెట్టుడని వైద్యసిబ్బందిని కోరుచు ఒక ఉద్యమము నడపినది. 2016లో ఆమె కన్నుమూసినది. ఆమె కోరినది యంత్రము కాదు, ధనము కాదు.

రోగికి ఏ భాషలో చెప్పవలెననుట తరువాతి చిక్కు. వైద్యులు పడక చుట్టు నిలిచి తమలో తాము ఆంగ్లమున మాటలాడుకొందురు. రోగికి తెలిసినది తన పేరు మాత్రమే. అది వినబడినప్పుడెల్ల అతని గుండె ఒకసారి ఆగును. సుందరకాండలో శింశుపావృక్షముపై నున్న హనుమంతుడు సీతమ్మతో ఎట్లు మాటలాడవలెనని ఎంత ఆలోచించినాడో స్మరింపుడు. తాను వానరరూపమున నుండి పండితుని వలె సంస్కృతము పలికినచో ఆమె తనను రావణుడని శంకించి భయపడును. మాటలాడకున్న ఆమె ప్రాణము విడుచును. కనుక సామాన్య మనుష్యులు పలుకు భాషను ఎంచుకొని, ముందు తన గొప్ప చెప్పక, ఆమెకు ప్రియమైన రామకథను మెల్లగా ఆరంభించినాడు. నవవ్యాకరణవేత్త తన పాండిత్యమును పక్కన పెట్టుటయే అక్కడ పాండిత్యము. ‘బయాప్సీ పాజిటివు’ అన్నపుడు, పాజిటివు అనగా మంచిదే కాబోలునని సంతోషించిన కుటుంబములు ఎన్ని లేవు? అన్నమాట ఏమి అర్థమైనదో రోగినోట తిరిగి చెప్పించుకొనువరకు చెప్పుట పూర్తికాలేదనియే భావింపవలెను.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. సత్యము చెప్పవచ్చునా?

దాచవలెననువారికి చరకసంహితయే ఆధారముగా కనబడును. విమానస్థానమున శిష్యునకు ఉపదేశము చేయుచు గురువు, రోగి యింటి రహస్యములను వెలుపల పలుకరాదనియు, ఆయుర్దాయము తరిగినదని తెలిసినను, చెప్పుటవలన రోగికో మరియొకరికో ఘాతము కలుగుచోట చెప్పరాదనియు శాసించినాడు. మాటను జాగ్రత్తగా చూడుడు. ఎక్కడను చెప్పరాదనలేదు, ఘాతము కలుగుచోట చెప్పరాదన్నాడు. ఆ చోటు ఏదో తెలియుటకు రోగి మనోబలము తెలియవలెను. అది పది పరీక్షలలో నొకటిగా ఆయనయే చెప్పియున్నాడు. కనుక పరీక్షింపకయే ‘తట్టుకొనలేదు’ అని తీర్పు చెప్పుట చరకమతము కాదు. పైగా ఆ తీర్పు చెప్పువాడు తరచుగా తాను తట్టుకొనలేక చెప్పుచుండును. కుమారుని భయమును తల్లిపేర వ్రాయుట అనవచ్చును.

భాగవతము వినిపించు ప్రతి యింటను తెలిసిన కథ పరీక్షిన్మహారాజుది. ఏడుదినములలో మరణమను వార్త ఆయనకు అందకపోయినచో ఆ గంగాతీరము లేదు, శుకుని రాక లేదు, ఆ మహాగ్రంథ శ్రవణమును లేదు. భారతమున ఆదిపర్వము ఈ వార్త ఎట్లు చేరినదో చెప్పుచున్నది. కుమారుడు శపించెనని తెలిసి నొచ్చుకొన్న శమీకమహర్షి, గౌరముఖుడను సుశీలుడైన శిష్యుని ఎంచి రాజునొద్దకు పంపెను. ముందు క్షేమసమాచారములు అడిగి, పిదప విషయము తెలుపుమని చెప్పి పంపెను. ఎవరిని పంపవలెను, ఏది ముందు, ఏది వెనుక అని ఆ ముని ఆలోచించినాడు. నేడు దుర్వార్త చెప్పుటకు వైద్యవిద్యార్థులకు నేర్పు పద్ధతి ఒకటి 2000లో అమెరికాలో ప్రకటితమైనది. అందు ఆరు మెట్లు. ఏకాంతమైన చోటు చూచుకొనుట, రోగికి ఇదివరకే ఏమి తెలియునో అడుగుట, ఎంత తెలిసికొన కోరుచున్నాడో అడుగుట, పిదప చిన్న మాటలలో చెప్పుట, అతని దుఃఖమునకు చోటిచ్చుట, చివరకు ముందు చేయవలసినది కలిసి నిర్ణయించుట. గౌరముఖుడు గడపలో నిలిచి శాపమును అరచి వెళ్ళలేదు. ఈ మెట్లలోని మర్మమును అదియే.

కాని న్యాయముగా మరియొక మాటయు చెప్పవలెను. భారతములోని పరీక్షిత్తు ఆ వార్త విని, మంత్రులతో ఆలోచించి, ఒంటిస్తంభపు మేడ కట్టించుకొని, వైద్యులను, మంత్రవేత్తలను చుట్టు నిలుపుకొనెను. భాగవతములోని పరీక్షిత్తు రాజ్యము విడిచి గంగయొడ్డున కూర్చుండెను. వార్త ఒక్కటే, ఆ వార్తను స్వీకరించిన విధములు రెండు. నిజము విన్న ప్రతివాడును విరాగి కానక్కరలేదు. ఒకడు మరల మరల చికిత్స కోరవచ్చును, ఒకడు తిరుమలకు ఇంకొక్కసారి పోవలెననవచ్చును, ఒకడు తమ్మునితో తెగిన పొలము తగవు తీర్చుకొనవచ్చును, మరియొకతె మనుమరాలి పెండ్లి ముందుకు జరుపుమనవచ్చును. ఏది ఎన్నుకొన్నను ఆ ఎంపిక ఆయుష్షు ఎవరిదో వారిది. దాచినవారు ఆ ఎంపికను హరించినవారగుదురు.

మన దేశపు శాసనమును ఈ దిశగానే నడచినది. భారత వైద్యమండలి 2002 నాటి నియమావళి, వైద్యుడు రోగి స్థితి తీవ్రతను పెంచియు చెప్పరాదు, తగ్గించియు చెప్పరాదు అన్నది. 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఒక వ్యాజ్యమున తీర్పు చెప్పెను. పరీక్షకొరకు మత్తు ఇచ్చిన ఒక స్త్రీకి, ఆమె స్పృహలో లేనపుడు బయటనున్న తల్లి అనుమతి తీసికొని గర్భాశయము తొలగించిరి. వయస్సు వచ్చి, తన బుద్ధితో నిర్ణయింపగల మనిషికి, ప్రాణాపాయము లేనపుడు, తల్లి యిచ్చిన అనుమతి ఆమె అనుమతి కాజాలదని న్యాయస్థానము నిర్ణయించినది. తల్లి ప్రేమను న్యాయమూర్తులు శంకింపలేదు. ఆ దేహము ఎవరిదని మాత్రమే అడిగిరి.

సిద్ధాంతము ఇంత చెప్పిన తరువాత, నిజమైన పరీక్ష రాత్రి రెండు గంటలకు వచ్చును. వార్డులో దీపములు తగ్గించియుందురు. కొడుకు వరండాలో నిద్రించుచుండును. ఆ వృద్ధురాలు నర్సు చేయి పట్టుకొని ‘అమ్మాయీ, నిజము చెప్పు, నాకేమైనది?’ అని అడుగును. నర్సుకు తెలియును. చెప్పవద్దని కుటుంబము కోరినదనియు తెలియును. తెలిపిన డాక్టరు మందలించును. ‘ఏమీ లేదు మామ్మగారూ, పడుకోండి’ అన్న అబద్ధమగును. ఆ ఒక్క అబద్ధముతో, ఆ ముసలామె నమ్మి చేయి పట్టుకొన్న చివరి మనిషియు గదిలోని నాటకమున చేరిపోవును. ఇట్టిచోట ఆ నర్సును ఒంటరిగా నిలిపినవారు ఎవరు? పగటివేళ కలిసి కూర్చుండి మాటలాడుకొనని బృందమంతయు.

ఆ క్షణమున ఆమె చేయగలిగినది లేకపోలేదు. కుర్చీ దగ్గరకు లాగికొని కూర్చుండవచ్చును. ‘మీకేమి అనిపించుచున్నది మామ్మగారూ?’ అని అడుగవచ్చును. పెద్దలు అప్పుడు చెప్పు మాటలు విన్నవారికి తెలియును: చావును గూర్చిన భయము కంటె, నొప్పి పెరుగునేమో యని, కొడుకు అప్పుల పాలగునేమో యని, ఇంటివద్ద తులసికోటకు నీరు పోయువారు లేరని బెంగలే అధికముగా వెలువడును. లండనులో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ అను ఆశ్రమమును స్థాపించిన సిసిలీ సాండర్స్ దీనినే సంపూర్ణవేదన యన్నది. శరీరపు నొప్పి, మనస్సు నొప్పి, బంధువులను గూర్చిన నొప్పి, ఆత్మకు సంబంధించిన నొప్పి విడదీయరానివని ఆమె కనుగొన్నది. ఆమె మొదట నర్సు, పిదప రోగుల కుటుంబముల కష్టసుఖములు చూచు సాంఘికసేవిక, ఆ తరువాత 1957లో వైద్యురాలు. బృందములోని మూడు స్థానములలోను తానే నిలిచి చూచినది గనుకనే రోగి ఏ మాట ఎవరితో చెప్పునో ఆమెకు తెలిసినది. కేరళలో 1993లో కోళికోడున మొదలైన ఉపశమనసేవ, ఇంటింటికి వెళ్ళి వినుటను ఇరుగుపొరుగువారికి కూడ నేర్పినది.

నర్సు ఆ రాత్రి విన్నదానిని తెల్లవారి డాక్టరుకు చెప్పవలెను. ‘మామ్మగారు అడుగుచున్నారు. ఆమెకు చాలవరకు తెలిసినట్లున్నది’ అని చెప్పుటకు ఆమెకు ధైర్యమును, వినుటకు డాక్టరుకు ఓర్పును ఉండవలెను. అటుపిమ్మట కుమారుని పిలిచి, ‘మేము మీ అమ్మగారికి మీరు వద్దన్న మాట చెప్పము. ఆమె ఎంతవరకు వినగోరునో మాత్రము ఆమెనే అడుగుదుము. మీరును పక్కన కూర్చుండుడు’ అని చెప్పినచో, నిరాకరించు కొడుకులు అరుదు. వారికిని ఆ బరువు దింపుకొను చోటు కావలసియుండును.

అడిగినపుడు ఆ తల్లి ‘నాకేమీ చెప్పవద్దు నాయనా, అంతా పెద్దవానికి చెప్పండి, నేను రామనామము చేసికొందును’ అని అనవచ్చును. అట్లనువారు మన యిండ్లలో ఎందరో యున్నారు. అదియు ఆమె నిర్ణయమే; ఆమెను అడిగి తెలిసికొన్నది గనుక దానిని శిరసావహింపవలెను. ఆ మాటను ఆమె చీటీపై వ్రాసియుంచి, ఆ సాయంకాలము పని మారునపుడు క్రొత్తగా వచ్చిన నర్సునకు, వేకువనే గది తుడువవచ్చు ఆయాకు చెప్పవలెను. లేనిచో, ఆమె వినగోరని మాట మరునాటి ఉదయము చీపురుతో వచ్చిన చేతులనుండియే ఆమె చెవిని పడును.